అమ్మపాల కబురు ఎవరి చెవిన పడాలి?

*ఆసుపత్రి గోడ మీద పోస్టరుంది. అమ్మ చేతిలో ఫోనుంది. ఊరికి బుర్రకథ వస్తుంది, ఇంటికి ఆశా అక్క వస్తుంది. అయినా గంటలోపు అందాల్సిన ముర్రుపాలు చాలామంది పసికందులకు అందడం లేదు. కబురు ఎక్కడ ఆగిపోతోంది?*

ఆగస్టు మొదటివారం వస్తే ప్రసూతి ఆసుపత్రులకు పండగ కళ వస్తుంది. గేటుకు బ్యానరు కడతారు. వార్డులో బాలింతలకు పండ్లు పంచుతారు. డాక్టరమ్మ నాలుగు మంచిమాటలు చెబుతుంది. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. 1992 నుంచి ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా ప్రపంచమంతటా జరిగే తల్లిపాల వారోత్సవం ఇది. ఇన్నేళ్ల ప్రచారం తర్వాత తల్లిపాలు బిడ్డకు మంచివని తెలియని ఇల్లు తెలుగునాట వెతికినా దొరకదు.

లెక్కలు చూస్తే మాత్రం సంగతి వేరుగా ఉంది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్నది నూటికి 37 మందికే. ఆంధ్రప్రదేశ్‌లోనూ కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే, గంటలోపు పాలు తాగినవారు 52 మంది. ఆరు నెలలలోపు పిల్లల్లో తల్లిపాలు తప్ప మరేమీ పట్టనివారు రెండు రాష్ట్రాల్లోనూ 68 శాతం. అంటే ముగ్గురిలో ఒకరికి అప్పటికే నీళ్లో, ఆవుపాలో, డబ్బాపాలో మొదలయ్యాయి.

ఇన్ని కాన్పులు డాక్టర్ల కళ్లముందే జరుగుతున్నప్పుడు ఆ మొదటి గంట ఎందుకు చేజారుతోంది? తెలంగాణలో నూటికి 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లన్నది ఒక కారణం. ఆపరేషన్ బల్ల మీది నుంచి తల్లిని ఒక గదికి, బిడ్డను మరో గదికి తీసుకెళ్తారు. నడుముకు మత్తిచ్చి చేసిన సిజేరియన్ తర్వాత తల్లి మెలకువగానే ఉంటుంది. నర్సు పక్కనుండి బిడ్డను పట్టిస్తే పాలివ్వగలదు కూడా. పట్టించే మనిషి ఉండాలంతే. ఆ లోపు బయట వరండాలో పెద్దవాళ్లు తేనె సీసా మూత తీసేస్తారు.

వరండాలో జరిగే నిర్ణయం

బిడ్డ నోట్లో మొదట ఏం పడాలన్నది తల్లి ఒక్కతే తేల్చే విషయం కాదు. తెలుగిళ్లలో మొదటి పురుడు పుట్టింట్లో. అక్కడ అమ్మమ్మ మాటే చెల్లుతుంది. మంచి మనిషి చేత తేనె నాకిస్తే ఆ బుద్ధులొస్తాయంటారు కొందరు. ఆముదం చుక్క వేస్తే కడుపు శుభ్రపడుతుందంటారు మరికొందరు. గాడిదపాలు పడితే ఉబ్బసం రాదని నమ్మేవాళ్లు పట్నాల్లోనూ ఉన్నారు. ఇంటిముందుకే గాడిదను తోలుకొచ్చి ఉగ్గుగిన్నెలో పిండి ఇచ్చి పోతారు.

మూడో నెలలోనో అయిదో నెలలోనో తల్లీబిడ్డా అత్తారింటికి చేరతారు. అక్కడ సలహాలు మళ్లీ మొదటికొస్తాయి. రాత్రి బిడ్డ ఏడిస్తే ‘పాలు చాలడం లేదేమో’ అని నాయనమ్మ అంటుంది. మర్నాడు తండ్రి మెడికల్ షాపు నుంచి డబ్బా తెస్తాడు. డబ్బా పాలు పట్టినకొద్దీ బిడ్డ రొమ్ము పట్టడం తగ్గిస్తుంది. పట్టడం తగ్గేకొద్దీ పాలు తగ్గుతాయి. బిడ్డ చప్పరిస్తేనే తల్లి మెదడుకు సంకేతం అంది పాలు తయారవుతాయి కాబట్టి, ‘చాలడం లేదు’ అన్న అనుమానమే పదిరోజుల్లో నిజమై కూర్చుంటుంది.

కాబట్టి తల్లిపాల గురించి చెప్పవలసిన శ్రోతలు కనీసం అయిదుగురు: తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ, తండ్రి, కాన్పు గదిలోని నర్సు. మన పోస్టర్లన్నీ తల్లినే చూస్తూ మాట్లాడుతున్నాయి.

డబ్బా చెప్పిన కథ

ఇంటిల్లిపాదినీ ఉద్దేశించి మాట్లాడటం ముందుగా నేర్చుకున్నది డబ్బాపాల వ్యాపారమే. బొద్దుగా నవ్వే పాపాయి బొమ్మ తండ్రిని ఆకట్టుకుంది. ‘డాక్టర్లు మెచ్చినది’ అన్న మాట అత్తగారి నోరు మూయించింది. ఆఫ్రికా, ఆసియా దేశాల్లో కంపెనీలు తమ అమ్మకందార్లకు నర్సు దుస్తులు తొడిగి ప్రసూతి వార్డుల్లోకి పంపాయి. మురికినీళ్లతో, డబ్బా ఎక్కువరోజులు రావాలని పలచగా కలిపిన పాలతో పసిబిడ్డలు విరేచనాల పాలై చనిపోయారు. సింగపూర్‌లో పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లోనే దీన్ని హత్యతో సమానమని బహిరంగంగా అన్నారు. 1974లో బ్రిటన్‌లోని ‘వార్ ఆన్ వాంట్’ సంస్థ ‘ది బేబీ కిల్లర్’ అనే చిన్న పుస్తకం అచ్చేసింది. 1977లో అమెరికాలో నెస్లే ఉత్పత్తుల బహిష్కరణ మొదలైంది. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ డబ్బాపాల ప్రచారానికి కళ్లెం వేసే నియమావళిని 118 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడిన ఒకే ఒక్క ఓటు అమెరికాది.

మన దేశం ఇంకో అడుగు ముందుకేసి 1992లో చట్టమే చేసింది. 1993 ఆగస్టు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది, 2003లో మరింత బిగించారు. రెండేళ్లలోపు పిల్లల డబ్బాపాలకు, శిశు ఆహారాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద పాపాయి బొమ్మ ఉండకూడదు. ఉచిత నమూనాలు పంచకూడదు. ఆరోగ్య సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు. మన టీవీల్లో పసిపిల్లల డబ్బాపాల ప్రకటన కనిపించకపోవడం వెనక ఉన్నది ఈ చట్టమే.

హాస్యపు వంత అడిగితే...

ఇంటిల్లిపాదితో మాట్లాడే కళ మనకూ ఉంది. తంబురా పట్టిన కథకుడు, ఇరుపక్కలా డక్కీలు వాయించే ఇద్దరు వంతలు. తెలుగువాళ్లకు బుర్రకథను పరిచయం చేయనక్కర్లేదు. 1940ల్లో ప్రజానాట్యమండలి దాన్ని రాజకీయ వేదికగా మార్చింది. బెంగాల్ కరువును ఊరూరా కథగా చెప్పిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ దక్కింది. కేంద్ర ప్రభుత్వం 1954లో పాటలు, నాటకాల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. కుటుంబ నియంత్రణ నుంచి పొదుపు దాకా ప్రభుత్వ సందేశాలన్నీ బుర్రకథ ఎక్కాయి.

ప్రచారానికి ఈ కళ ఇంతగా పనికిరావడానికి అసలు కారణం రెండో వంత. రాజకీయపు వంత లోకజ్ఞానం చెబుతాడు. హాస్యపు వంత జనం మనసులో నలిగే సందేహాన్ని పైకి అనేస్తాడు. తల్లిపాల మీద కథ కడితే ఇలా సాగవచ్చు:

– బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి నాయనా!

– ఏం పట్టిస్తాం గురూ! మా ఆవిడకు మూడోనాటిదాకా పాలే పడలేదు. అందుకే మా అత్త తేనె నాకించింది.

– పడలేదని ఎవరన్నారురా?

– మా అత్తే పిండి చూసింది. పచ్చగా, జిగటగా నాలుగు చుక్కలొచ్చాయి. చెడ్డపాలని పారబోసింది.

– ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మరి మీ గేదె ఈనినప్పుడు జున్నుపాలు పారబోశావా?

– అమ్మమ్మ! జున్ను ఎవడన్నా పారబోస్తాడా గురూ? పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని వరస కడితేనూ!

– దూడకు తాగించి, నువ్వు జున్ను వండుకు తిని, నీ బిడ్డ జున్ను మాత్రం మట్టిపాలు చేశావన్నమాట!

ఇక్కడ జనం నవ్వుతారు. ముందువరసలో కూర్చున్న అత్తగారూ నవ్వుతుంది. ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేదు. కథలో తప్పు చేసింది వేరే అత్త. ముర్రుపాలంటే రోగాలను అడ్డుకునే గుణాలు దట్టించి వచ్చే తొలిపాలని, మొదటిరోజు పసికడుపుకు చెంచాడు చాలని ఆ నవ్వు వెనకే చెబితే తలకెక్కుతుంది. తెల్లకోటు వేసుకున్నవాళ్లు అదేమాట చెబితే పెద్దామె ‘మేం ఇంతమందిని పెంచలేదా’ అని ముఖం తిప్పుకోవచ్చు.

తోలుబొమ్మలాటలో ఈ పని బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు చేస్తారు. రామాయణం నడుమ దూరి ఊళ్లో సంగతులు మాట్లాడే స్వేచ్ఛ వాళ్లకుంది. నలుగురిలో అనడానికి సిగ్గుపడే ఒంటి సంగతులు బంగారక్క నోట వస్తే ఎవరూ తప్పు పట్టరు. రొమ్ము పగుళ్లు, పాలు గడ్డకట్టి జ్వరం రావడం వంటి బాధల్ని మన ఆడవాళ్లు డాక్టరుకు చెప్పడానికే జంకుతారు. వాటి గురించి మాట్లాడగల తెర ఇది. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట కళాకారులు ఆ తెరను ఇంకా నిలబెడుతున్నారు. వారిలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణలో మల్లన్న, బీరప్పల కథలు చెప్పే ఒగ్గు కళాకారుల ముందు తాత నుంచి మనవరాలి దాకా ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. మనం వెతుకుతున్న అయిదుగురు శ్రోతల్లో నలుగురు అక్కడే ఉన్నారు.

అయితే ఇవాళ ‘కళాజాత’ పేరుతో జరుగుతున్నది చాలాచోట్ల వేరు. కాగితం ఆఫీసు నుంచి వస్తుంది. బృందం వ్యాను దిగుతుంది, పథకాల పేర్లన్నీ పాటలో ఇరికించి పాడుతుంది, హాజరు సంతకం తీసుకుని పక్క ఊరికి వెళ్తుంది. హాస్యపు వంతకు ప్రశ్న లేదు, జనానికి జవాబు లేదు. కళాకారుల్ని రెండురోజులు ప్రసూతి వార్డులో కూర్చోబెట్టి, నర్సులతో, బాలింతలతో మాట్లాడించి కథ కట్టమంటే ఫలితం వేరుగా ఉంటుంది. ఆట ముగిశాక ఏఎన్ఎం అదే వేదిక పక్కన అరగంట కూర్చుంటే ఆ రాత్రే సందేహాలు తీరతాయి.

ఊరంతా కలిసి చూసిన టీవీ

కొత్త మాధ్యమాన్ని పాత పద్ధతిలో వాడిన ఘట్టం మన చరిత్రలోనే ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఊరికొక్క టీవీ. సాయంత్రం అందరూ దానిముందు చేరి వ్యవసాయం, ఆరోగ్యం గురించి చూసేవారు. చూసింది ఒకే చోట కాబట్టి మాట్లాడుకున్నదీ ఒకే చోట. తర్వాత టీవీ ఇంటింటికీ వచ్చింది, ఫోన్ అరచేతికి వచ్చింది. ఆ కలిసి చూడటం పోయింది.

రేడియోలో ఆ గుణం కొంత మిగిలింది. జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో 2008లో మొదలైన ‘సంఘం రేడియో’ను దళిత మహిళలే నడుపుతున్నారు. స్వచ్ఛంద సంస్థలకు దక్కిన తొలి సామాజిక రేడియో లైసెన్సుల్లో అది ఒకటి. పక్కవాడలోని పెద్దమ్మ తన యాసలో చెప్పే అనుభవానికి ఉండే బరువు వేరు. బాలింత పత్యంలో ఏది మేలు, ఏది అక్కర్లేని కట్టడి అన్న చర్చకు ఇలాంటి రేడియోను మించిన చోటు లేదు.

టీవీ కూడా సరైన మనుషులతో మాట్లాడితే పనిచేస్తుందని బంగ్లాదేశ్ చూపింది. అక్కడ పల్లెల్లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతుండగా, టీవీ ప్రకటనలు తల్లులతో పాటు ఇంట్లోని మిగతావారినీ ఉద్దేశించి మాట్లాడాయి. ఆరు నెలలలోపు కేవలం తల్లిపాలు తాగే పిల్లలు 2007లో 43 శాతం ఉంటే 2011 నాటికి 64 శాతమయ్యారు. బ్రెజిల్ ఉత్తరాలు పంచే పోస్టుమన్లకే శిక్షణ ఇచ్చి, గర్భిణులు, బాలింతల ఇళ్లకు తల్లిపాల సమాచారం మోయించింది. 1970ల మధ్యలో సగటున రెండున్నర నెలలకే ఆగిపోతున్న తల్లిపాలు మూడు దశాబ్దాల్లో పదకొండు నెలలు దాటాయి. ప్రకటన, చట్టం, ఆసుపత్రి, పాలబ్యాంకు అన్నీ ఒకే మాట మీద నిలవడం వల్ల వచ్చిన ఫలితం అది.

అరచేతిలో అంగడి

2016 ఆగస్టులో కేంద్రం ‘మా’ పేరుతో తల్లిపాల కార్యక్రమం మొదలుపెట్టి మాధురీ దీక్షిత్‌ను ప్రచారకర్తగా తీసుకుంది. 2018లో పోషణ్ అభియాన్ వచ్చింది. అంగన్‌వాడీల్లో సీమంతాలు, అన్నప్రాసనలు జరుగుతున్నాయి. టీచరమ్మలు వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు పెడుతున్నారు. అదే ఫోన్‌లో అంగడి కూడా తెరిచే ఉంది.

గర్భిణి ఫోన్‌లో ఒక్కసారి ‘బేబీ’ అని వెతికితే చాలు, ఉచిత యాప్‌లు, తల్లుల క్లబ్బులు, బహుమతి కూపన్లు వరస కడతాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు దేశాల్లోని డబ్బాపాల బ్రాండ్ల సామాజిక మాధ్యమ ఖాతాలను పరిశీలించింది. రోజుకు దాదాపు 90 పోస్టులు, 22 కోట్ల 90 లక్షలమందికి చేరాయి. వ్యాపారంతో సంబంధం లేని ఖాతాలు తల్లిపాల గురించి చెప్పిన మాటలు చేరినవారికి ఇది మూడింతలు. ప్రకటనలా కనిపించని ప్రకటనలే ఎక్కువ. ఓ ఇన్‌ఫ్లుయెన్సర్ తన పాప కథ చెబుతూ పక్కన డబ్బా పెడుతుంది. గోడ మీది బొమ్మను చట్టం చెరిపేయగలిగింది. రీలు వెనక ఉన్న ఒప్పందాన్ని పట్టుకోవడానికి దానికి ఇంకా పదునైన కళ్లు కావాలి.

ఫోన్‌ను మనం వదులుకోనక్కర్లేదు, వాడే తీరు మార్చాలి. అంగన్‌వాడీ గ్రూపులో తల్లులే కాక తండ్రులూ ఉండాలి. దూరాన ఉన్న కొడుకు, గల్ఫ్‌లోని భర్త చూసి ఇంటికి ఫోన్ చేసి అడిగేలా వీడియో ఉండాలి. బిడ్డను రొమ్ముకు ఎలా పట్టించాలో చూపే రెండు నిమిషాల వీడియో పది నినాదాల పెట్టు. అర్ధరాత్రి బిడ్డ ఏడుస్తుంటే వీడియో కాల్‌లో మాట్లాడే నర్సు ఒకరుంటే అంతకన్నా గొప్ప ప్రచారం లేదు.

పత్రికలకూ ఇందులో వంతుంది. 2018లో మలయాళ పత్రిక ‘గృహలక్ష్మి’ పాలిస్తున్న స్త్రీ చిత్రాన్ని ముఖచిత్రంగా వేస్తే గొడవ కోర్టుకెక్కింది. అందులో అశ్లీలం లేదని కేరళ హైకోర్టు తేల్చింది. ఆ మోడల్ తల్లి కాదన్న విమర్శ సబబే కావచ్చు. బస్టాండులో కొంగు చాటున పాలివ్వడానికి బెదిరే తల్లి గురించి జనం మాట్లాడుకోవడం మాత్రం ఆ ముఖచిత్రం వల్లే జరిగింది.

ఒక్క నోరు చాలదు

హర్యానా పల్లెల్లో జరిగిన ఒక అధ్యయనం 2003లో ‘లాన్సెట్’లో వచ్చింది. మంత్రసానులు, అంగన్‌వాడీ, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఎవరి దగ్గరికి తల్లి వెళ్లినా ఒకే మాట వినిపించేలా చేశారు. మూడో నెలకు కేవలం తల్లిపాలు తాగుతున్నవారు అక్కడ 79 శాతం, ఇతర గ్రామాల్లో 48 శాతం. పిల్లల్లో విరేచనాలూ తగ్గాయి. ఎంత ఎక్కువమంది నోట ఆ మాట విన్నారో అంత ఎక్కువగా తల్లులు పాటించారు. కొత్త మాధ్యమమా, పాత మాధ్యమమా అన్న వాదనకు దీన్ని మించిన జవాబు అక్కర్లేదు.

అడిగే సందేహాలు... చెప్పాల్సిన జవాబులు

*పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?* మొదటివారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే. ఏడుపు ఒక్కటే ఆకలికి గుర్తు కాదు.

*ఎండాకాలం నీళ్లు పట్టొద్దా?* ఆరు నెలలదాకా అక్కర్లేదు. తల్లిపాలలో ఎక్కువభాగం నీళ్లే. దాహం వేసినట్టుంటే మరోసారి పాలివ్వాలి.

*రోజుకు ఎన్నిసార్లు?* మొదట్లో 8 నుంచి 12 సార్లు. గడియారం చూడకుండా బిడ్డ అడిగినప్పుడల్లా ఇవ్వాలి. రాత్రిపూట ఇవ్వడం పాలు బాగా పడటానికి మేలు.

*ఎన్నాళ్లు?* ఆరు నెలలు తల్లిపాలే. ఆ తర్వాత మెత్తని ఇంటి తిండితో పాటు రెండేళ్లు, ఇంకా పైబడి కూడా.

*బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, తల్లికి పాలు రాకపోతే?* దాతల పాలు శుద్ధిచేసి ఇచ్చే బ్యాంకులున్నాయి. దేశంలో మొదటిది 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో మొదలైంది. హైదరాబాద్ నిలోఫర్‌లో 2017 నుంచి ఉంది.

మాటతో పాటు చోటు, వేళ

తల్లిపాలు సరిగా అందితే ప్రపంచంలో ఏటా 8,23,000 మంది పిల్లల ప్రాణాలు నిలుస్తాయని 2016లో ‘లాన్సెట్’ లెక్కగట్టింది. ఇంత పెద్ద బాధ్యతను బాలింత భుజాన పెట్టి, ‘నువ్వు ఇవ్వకపోతే తప్పు నీదే’ అనడం ప్రచారం అనిపించుకోదు. ఆరోగ్య కారణాలతో ఇవ్వలేని తల్లులుంటారు. వాళ్లను దోషుల్ని చేసే నినాదం ఏ గోడ మీదా ఉండకూడదు.

ఇవ్వాలనున్నా వీలులేని తల్లులు అంతకంటే ఎక్కువమంది. 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. ఆరు నెలల తల్లిపాలకు అది సరిగ్గా సరిపోతుంది. అయితే అది దక్కేది పేరోలులో ఉన్నవారికి. నాట్లకు, కలుపుకు, మిర్చి కోతకు వెళ్లే కూలితల్లికి సెలవు ఎవరిస్తారు? ఉపాధి హామీ పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే వారిని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని 2005 నాటి చట్టం చెప్పింది. ఎన్నిచోట్ల పెడుతున్నారో పనికి వెళ్లే తల్లుల్నే అడగాలి.

వచ్చే ఆగస్టులో బ్యానరు కట్టేముందు ప్రతి ఆసుపత్రీ ఒక పని చేయాలి. గంటలోపు పాలు అందిన బిడ్డలు నూటికి ఎందరో లెక్క రాసి గేటు దగ్గర పెట్టాలి. జిల్లా యంత్రాంగం కళాకారులకు పాఠం కాక ప్రశ్నలు ఇవ్వాలి. ఫోన్‌లో డబ్బాపాల ప్రకటన కనబడితే ఫిర్యాదు చేసే దారి అందరికీ తెలియాలి. ఇంట్లో బాలింత ఉన్నవాళ్లు ఇవాళే ఒక పని చేయవచ్చు: ఈ పేజీ ఆమె చేతికివ్వడానికి ముందు అమ్మమ్మకు, నాయనమ్మకు, నాన్నకు చదివి వినిపించండి.